పచ్చ స్టిక్కరు

అక్టోబరు 6, సోమవారం

వీధి మొదట్లో ఈ రోజు ఇనుప గేటు పెట్టారు. ఇక ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పచ్చ స్టిక్కరు ఉన్న బండే లోపలికి రావాలి, లోపల నిలబడాలి. ఆటో రాకూడదు, టాక్సీ రాకూడదు. కాపురముండే ఇంటికి ఒక స్టిక్కరు. దుకాణాలకు లేదు. వాళ్ళ బండ్లు మెయిన్ రోడ్డు అవతల కార్పొరేషన్ మైదానంలో పెట్టుకోవాలట.

ఇది మేం అడిగి తెచ్చుకున్నదే. ఆసుపత్రులు పెరిగాక అల్లూరు నుంచీ కోవూరు నుంచీ వచ్చే ప్రతివాడూ కారు తెచ్చి మా గుమ్మానికి అడ్డం పెట్టి పోయేవాడు. మా ఆయన్ని డయాలసిస్ నుంచి తీసుకొస్తే బండి ఆపడానికి జాగా ఉండేది కాదు. అర్జీ నేనే రాశాను, మొదటి సంతకం నాదే. అర్జీలు రాయడంలో ఈ వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు మరి.

అక్టోబరు 7, మంగళవారం

డయాలసిస్. స్టిక్కర్లు ఇచ్చేదాకా చూసీ చూడనట్టు ఉంటానన్నాడు గేటు దగ్గరి హోంగార్డు. మంచివాడు. ఈసారి ఒంట్లో రెండున్నర కిలోల నీరు చేరింది. దాహమంటే గ్లాసుడు ఇచ్చింది నేనే. నర్సుకి చెప్పలేదు.

అక్టోబరు 8, బుధవారం

మాకు స్టిక్కరు లేదు.

వార్డు సెక్రటరీ గణేష్ వచ్చి ఇల్లిల్లూ పంచుతూ మా గుమ్మం దాటి పోయాడు. పిలిచి అడిగితే, "మీది షాపు కదక్కా" అన్నాడు. ఏం షాపు అన్నాను. ఫోను తీసి చూపించాడు. ఆరేళ్ళ కిందటి ఫోటో. కుట్టుమిషను ముందు నేను కూర్చున్నాను, నా వెనక గోడకి 'ఏంజెలిన్ టైలరింగ్' అని ఫ్లెక్సీ బోర్డు. నవ్వుతున్నాను కూడా.

అప్పట్లో కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళకి ప్రభుత్వం సాయం ఇస్తామంది. మా పొదుపు గ్రూపుకి లీడర్ని నేను. షాపు ఉన్నట్టు ఫోటో కావాలన్నారు. మాలో ఎవరికీ కుట్టు రాదు. మూడిళ్ళ అవతల ఉండే నాగులమ్మక్కకి వచ్చు. ఆమె పులికాట్ సరస్సు పక్క పల్లె నుంచి వచ్చి ఈ వీధిలో జాకెట్లు కుట్టుకుంటోంది, మొగుడు ముత్యాలయ్య మోపెడ్ మీద చేపలు అమ్ముతాడు. ఆమె మిషను అడిగి తెచ్చాం. మా ఆయన సమాధానం ఒక పక్క, పక్కింటి రోజారమణి మొగుడు ఒక పక్క పట్టుకుని ఇల్లిల్లూ ఊరేగించారు. ఐదిళ్ళు, ఐదు బోర్డులు, ఐదు ఫోటోలు, ఒకటే మిషను. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో.

ఇప్పుడా ఐదిళ్ళూ కార్పొరేషన్ లెక్కలో దుకాణాలు. మిషనున్న నాగులమ్మక్కది మాత్రం కాపురమిల్లు. ముత్యాలయ్య మోపెడ్‌కి పచ్చ స్టిక్కరు అంటించుకుని తిరుగుతున్నాడు.

ఆమె పేరు అప్పుడు జాబితాలో లేదు. గ్రూపుకి ఐదుగురే అన్నారు. నేనేం చేసేది.

అక్టోబరు 9, గురువారం

డయాలసిస్. హోంగార్డు వదిలాడు. "ఇదే లాస్టు మేడమ్, కెమెరా పెట్టేసినారు" అన్నాడు.

అక్టోబరు 11, శనివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున ఆయన్ని ఎక్కించుకుందామని మైదానంలో పెట్టిన మా వ్యాన్ తెచ్చాను. హోంగార్డు కొత్తవాడు, నీళ్ళ ట్యాంకరు కోసం గేటు తెరిచి ఉంచాడు, దాని వెనకే దూరిపోయాను. ఆయన చొక్కా వేసుకుని బయటికి వచ్చేసరికి ముందు చక్రానికి పసుపు తాళం వేసేశారు. బతిమాలాను. ఫైల్ చూపించాను. ఆయన్నే చూపించాను, ఎగ్జిబిషన్‌లో వస్తువు లాగా. తాళం వేసిన అబ్బాయి, "ఆఫీసులో మాట్లాడుకోండమ్మా, మాకేం తెలీదు" అని పోయాడు.

మా ఇల్లు వీధి చివర. అవతల కాలువ. గేటు దాకా మూడు వందల నలభై అడుగులు. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది దూరమే కాదు. ఆయన నాలుగు చోట్ల గోడలు పట్టుకుని నిలబడ్డారు. డ్రైనేజీకి తవ్వి సరిగా పూడ్చని గుంతలు, రాత్రి వాన నీళ్ళు. చక్రాల కుర్చీ అక్కడ కదలదు. మెయిన్ రోడ్డు మీద ఆటో ఎక్కాం. డయాలసిస్ యూనిట్‌కి చేరేసరికి గంట ఆలస్యం, అంత మేరా మిషను మీద టైము కోసేశారు.

వచ్చేటప్పుడు ఇంకా ఘోరం. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతుంది ఆయనకి. రోజారమణి ఇంటి ముందు మెట్టు మీద కూలబడ్డారు. కళ్ళు తేలేస్తే చెంపల మీద కొట్టాను, గట్టిగానే కొట్టాను. ఈ మనిషికీ నాకూ ఇరవై మూడేళ్ళ కాపురం. నడివీధిలో కొట్టాల్సి వచ్చింది. రోజారమణి నీళ్ళు తెచ్చింది. తాగకూడదని తెలిసినా తాగించాను.

అక్టోబరు 12, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. పాస్టరు గారు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఎత్తితే ప్రార్థన చేద్దాం అంటారు. నాకు ప్రార్థన వద్దు, గేటు తెరిస్తే చాలు.

అక్టోబరు 13, సోమవారం

కార్పొరేషన్ ఆఫీసు. నాలుగు గదులు తిప్పారు. మొదటి గదిలో, షాపు మూసేసినట్టు రాసివ్వండి అన్నారు. రాసిస్తే రెండో గదిలో, మూసేయాలంటే లైసెన్సు కాపీ పెట్టాలి అన్నారు. తెరవని షాపుకి లైసెన్సు ఎక్కడిది. మూడో గదిలో ఎవరూ లేరు. నాలుగో గదిలో ఉన్న పెద్ద ఆఫీసరు మాత్రం కూర్చోమన్నారు, ఆ మాటకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. విచారణ పెడతానన్నారు. స్టిక్కరు ఉన్న పొరుగింటివాళ్ళు ఒకరు వచ్చి, ఈ ఇంట్లో ఎన్నడూ కుట్టుపని జరగలేదని చెప్పి సంతకం పెట్టాలి. అలా చేస్తే జాబితా మారుస్తారు.

మా ఇంటి చుట్టూ ఉన్నవన్నీ ఫోటో దిగిన మిగతా నాలుగిళ్ళే. స్టిక్కరున్న పొరుగిల్లు నాగులమ్మక్కది ఒక్కటే.

వేరే ఎవరైనా దొరుకుతారేమో చూడాలి.

అక్టోబరు 14, మంగళవారం

డయాలసిస్. చక్రం తాళం తీశారు. వ్యాన్ మైదానంలో పెట్టాను. మళ్ళీ నడక. ఈసారి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని ఆయన వెనకే నడిచాను. వీధంతా చూసింది.

"వారానికి రెండు దినాలు పోతే చాలదా మే" అన్నారు దారిలో. "చాలదు" అన్నాను. "నువ్వు డాక్టరువా" అన్నారు. ఇద్దరం నవ్వాం. నేను నవ్వింది ఆయన కోసం.

అక్టోబరు 15, బుధవారం

రోజారమణి వచ్చింది. విచారణ సంగతి ఎలా తెలిసిందో. "ఏంజెలినక్కా, నీ ఇల్లు కెలికితే మా ఇళ్ళూ కెలుకుతారు. ఎందుకు ఫోటో దిగినారని అడిగితే ఏం చెప్పాల? మా వాడికి సచివాలయంలో ఉద్యోగం వచ్చేటట్టుండాది. కాస్త ఆగు."

ఆగమంటోంది. ఆయన్ని అడగమనాల్సింది, ఎన్నాళ్ళు ఆగగలరో.

అక్టోబరు 16, గురువారం

వెళ్ళలేదు. వాన. ఆయన లేవనన్నారు. ఒక్కరోజుకి ఏం కాదు. కాస్త నీరసం, అంతే.

అక్టోబరు 17, శుక్రవారం

ఏం కాదని రాశాను నిన్న. పొద్దున లేచి చూస్తే పడుకోలేక మంచం మీద కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. ముఖం ఉబ్బిపోయింది, కాళ్ళు నొక్కితే గుంటలు పడుతున్నాయి. అంబులెన్సు వచ్చింది, దానికైతే గేటు తెరిచారు. యూనిట్‌లో డాక్టరు అమ్మాయి నా మీద అరిచింది. "ఇంకోసారి మానేస్తే ఇక్కడికి తీసుకొచ్చే పని కూడా ఉండదమ్మా." చిన్నపిల్ల, నాకు కూతురయ్యే వయసు. తిట్టనీ అని ఊరుకున్నాను. మూడు లీటర్లకి పైగా తీశారు.

నేనే లాక్కుని వెళ్ళాల్సింది. వాన అని ఊరుకున్నాను. వాన వంక.

అక్టోబరు 18, శనివారం

డయాలసిస్. నడిచే వెళ్ళాం.

నాగులమ్మక్క దగ్గరికి వెళ్ళడానికి వారం నుంచి ఎందుకు జంకుతున్నానో ఇక్కడన్నా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

గ్రూపుకి ఐదుగురన్నది నిజమే. ఐదో పేరు ఆమెదే. నా చేత్తోనే రాశాను. ఆ సాయంత్రం కాగితం ఇవ్వడానికి పోతూ దారిలో ఆగి, ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను. అప్పటికి ఆయన బాగానే ఉన్నారు, ట్రావెల్స్‌లో డ్రైవరుగా పోతున్నారు. నాకు అవసరమేమీ లేదు. ఊరికే వస్తుంటే ఎందుకు వదలాలి అనిపించింది. ఆమెకి మిషను ఉంది కదా, పనుంది కదా అనుకున్నాను. "అక్కా, నీ పేరు ఆఫీసులో తీసేశారు" అని చెప్పి, మర్నాడు ఆమె మిషనే అడిగి తెచ్చుకున్నాను. ఆమె "సరేలేమ్మా" అని సూదిలోకి దారం కూడా ఎక్కించి ఇచ్చింది, ఫోటోలో బాగుంటుందని.

ఇది ఆయనకి కూడా తెలియదు.

అక్టోబరు 19, ఆదివారం

చర్చి నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్ళాను. సాక్ష్యం సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు.

"దానికేముంది, వస్తా. సమాధానమన్న నడస్తా ఉంటే చూడలేకపోతుండా" అన్నది. అంతే. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే బాగుండేది.

అక్టోబరు 22, బుధవారం

విచారణ అయింది.

నాగులమ్మక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడారు. ఈ ఇంట్లో కుట్టుపని లేదని మీకెట్లా తెలుసు అని అడిగారు.

"మిషను నాది సార్. ఫోటో కోసరం తీసకపోయినారు. కుట్టేది నేనే."

"ఎక్కడ కుడతారు?"

"ఇంట్లోనే సార్, వరండాలో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదమూడేండ్లు."

ఆయన రిజిస్టరు తిప్పి చూశారు. "మరి కుట్టుపనివాళ్ళ జాబితాలో మీ పేరు లేదే?"

నాగులమ్మక్క నా వైపు చూసింది. తల తిప్పి, తీరిగ్గా చూసింది. పేరు కొట్టేసింది నేనని నోరు తెరిస్తే తప్పుడు ధ్రువీకరణ అంటారు, స్టిక్కరు రాదు, రేపు గురువారం. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"తెలవదు సార్" అన్నది ఆమె. "నేను అడగలా."

ఆఫీసరు నా ఇంటి నంబరు ఎదురుగా ఉన్నది కొట్టేసి 'నివాసం' అని రాశారు. తర్వాత అదే పెన్నుతో ఇంకో గడి దగ్గర ఏదో రాశారు. తలకిందులుగా కనబడ్డా చదవగలిగాను. నాగులమ్మక్క ఇంటి నంబరు. 'వాణిజ్యం – పరిశీలించాలి.'

ఆమె సంతకం పెట్టింది. బయటికి వచ్చాక మజ్జిగ తాగుదామా అన్నది. తాగాం.

అక్టోబరు 24, శుక్రవారం

స్టిక్కరు వచ్చింది. అద్దం లోపల అంటించాను. ఆయన వచ్చి వేలితో ఒత్తి చూశారు, ఊడదు కదా అన్నారు.

అక్టోబరు 25, శనివారం

డయాలసిస్. గుమ్మంలో ఎక్కించుకుని, గుమ్మంలో దించాను. మొదటిసారి దారిలో నిద్రపోయారు. నాకింకేం కావాలి.

అక్టోబరు 27, సోమవారం

నాగులమ్మక్క ఒక కాగితం పట్టుకుని వచ్చింది. గోడకి అంటించి పోయారట. "నాకీ అచ్చు అక్షరాలు సరిగా తెలవవు, కాస్త చదివిపెట్టు ఏంజెలినమ్మా."

చదివాను. వాళ్ళ ఇంటిని వాణిజ్య భవనంగా మార్చబోతున్నారు. పచ్చ స్టిక్కరు రద్దవుతుంది. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో, అంటే నవంబరు పదకొండు సాయంత్రం ఐదింటిలోగా రాసివ్వాలి. స్టిక్కరు పోతే ముత్యాలయ్య చేపల బండి లోపలికి రాదు. ఐసు పెట్టెతో సహా మైదానంలో పెట్టి రావాలి, అక్కడ కుక్కలు.

"ఏం రాసుండాది?" అన్నది.

"ఏం లేదక్కా. ఇళ్ళ కొలతల గురించి. అందరికీ అంటిస్తారు" అన్నాను.

"అంతేనా" అన్నది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళు అభ్యంతరం రాస్తే పాత జాబితా బయటికి తీస్తారు, కొట్టేసిన చోట నా చేతిరాత కనబడుతుంది. పదిహేను రోజులుంది కదా. ముందు ఆయన కాస్త కోలుకోనీ.

అక్టోబరు 28, మంగళవారం

డయాలసిస్. రేపు వెళ్ళి ఆఫీసులో చెబుతాను.

అక్టోబరు 29, బుధవారం

తుఫాను వాన. ఆఫీసులో ఎవరుంటారు.

నవంబరు 1, శనివారం

డయాలసిస్. బరువు సరిగ్గా ఉంది. డాక్టరు అమ్మాయి నవ్వింది. ముత్యాలయ్య గుమ్మంలో ఆగి గుప్పెడు రొయ్యలు ఇచ్చాడు, ఆయన తినకూడదు, నన్ను తినమన్నాడు. వేపుడు చేశాను. తినలేక పారబోశాను.

నవంబరు 5, బుధవారం

నిజం చెబితే ఆయన నడవాలి. చెప్పకపోతే ముత్యాలయ్య నడవాలి. ముత్యాలయ్య నడవగలడు. ఇందులో తప్పేముంది. ఎవరినడిగినా ఇదే అంటారు.

ఎవరినీ అడగలేదు.

నవంబరు 9, ఆదివారం

ఆయనకి చెప్పాను. పేరు కొట్టేసిన దగ్గర్నుంచి నోటీసు దాకా అంతా. అన్నం తింటున్నవారు చెయ్యి కడిగేసుకున్నారు. "ఆ మిషను మోసింది నేను గదా" అన్నారు.

నవంబరు 10, సోమవారం

ఆయన వ్యాన్ అద్దం తుడిచి వచ్చారు. స్టిక్కరు దగ్గర మాత్రం తుడవలేదు.

నవంబరు 11, మంగళవారం

పది గంటలకి ఆయన్ని పడుకోబెట్టి డయాలసిస్ మిషను తగిలించారు. రెండు దాకా టైముంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని తెల్లకాగితం మీద రాశాను. ఆరేళ్ళ కిందటి జాబితాలో ఐదో పేరు నాగులమ్మది, దాన్ని కొట్టేసి నా పేరు రాసుకున్నది నేను, షాపు లేకపోయినా ఉన్నట్టు ఫోటో ఇచ్చింది నేను, ఆమె ఇంటిని మార్చవద్దు. ఇన్ని అర్జీలు రాశాను గానీ దీనికి పట్టినంత సేపు దేనికీ పట్టలేదు.

కార్పొరేషన్ ఆఫీసుకి తీసుకుపోయి ఇస్తే, ఆఫీసరు చదివి కళ్ళజోడు తీశారు. "ఇది ఇవ్వకుండా ఉండొచ్చు గదమ్మా మీరు" అన్నారు. ఆ మాటకి కాగితం వెనక్కి లాక్కుందామనిపించింది. నిజంగా చెయ్యి చాచాను. అప్పటికే పక్కనున్న గుమాస్తా ముద్ర వేశాడు.

తప్పుడు ధ్రువీకరణ మీద విచారణ పూర్తయ్యేదాకా నా స్టిక్కరు నిలిపేస్తారు. ఎన్నాళ్ళని అడిగాను. చెప్పలేమన్నారు.

ఆయన్ని ఇంటికి చేర్చి నాగులమ్మక్క దగ్గరికి వెళ్ళాను. పెరట్లో చేపలు తోముతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే ఏడుస్తానని. పేరు కొట్టేసింది నేనని చెప్పాను. నోటీసు అబద్ధం చదివానని చెప్పాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసు" అన్నది.

"ఏది?"

"రెండూ. ఆఫీసులో ఆ కాయితం తీసుకున్న పిల్లది మా పక్కూరే. కొట్టేసిన పేరు అప్పుడే చూపించింది."

నోటీసు సంగతి అడిగాను.

"మా ఆయన చదివినాడు. పోయిన వారమే పోయి రాసిచ్చి వచ్చినాడు. బోర్డు లేకుండా వరండాలో కూర్చోని కుట్టుకుంటే షాపు కాదంట. ఆ నోటీసు కొట్టేస్తామన్నారు."

ముందు నాకు కోపం వచ్చింది. దాచకుండా రాస్తున్నాను. నా కాగితం దేనికీ పనికిరాలేదు, ఊరికే నా స్టిక్కరు పోగొట్టుకున్నాను, ఈ మాట నిన్న చెప్పి ఉంటే ఆయన నడిచే పని ఉండేది కాదు కదా అని కోపం.

"మరి చదివిన కాగితం నా దగ్గరికి ఎందుకు తెచ్చావక్కా?"

అప్పుడు చెయ్యి ఆపింది. "ఆఫీసులో చెప్తావేమోనని చూసినా. చెప్పలా. ఒకటే గదిలో అంతమంది ముందర కష్టంలే అనుకున్నా. ఇంట్లోనన్నా చెప్తావేమోనని తెచ్చినా. ఆడా చెప్పలా. పదైదు దినాలు మీ వ్యాను చప్పుడైనప్పుడల్లా ఈ పొద్దు వస్తుందిలే అనుకుంటా ఉన్నా."



"ఇంటికి పో ఏంజెలినూ" అన్నది. అమ్మా అనలేదు.

నవంబరు 12, బుధవారం

గణేష్ వచ్చి స్టిక్కరు గీకి తీసుకుపోయాడు. రోజారమణి తలుపు వేసుకుంది. వ్యాన్ మైదానంలో పెట్టి వచ్చాను.

నవంబరు 13, గురువారం

డయాలసిస్. గంట ముందే బయల్దేరాం. కుర్చీ నేను పట్టుకున్నాను. యాభై అడుగులకోసారి కూర్చున్నారు. ముత్యాలయ్య మోపెడ్ మా పక్క నుంచే పోయింది, ఆగలేదు. నాగులమ్మక్క గుమ్మంలో ముగ్గు వేస్తోంది. తల ఎత్తలేదు. ఆయన ఆమె గుమ్మం ముందే కూర్చుంటానన్నారు. ఇక్కడొద్దు, ఇంకో పది అడుగులు అన్నాను. "నా వల్ల కాదు మే" అన్నారు. ఆమె ఇంటి ముందే కుర్చీ వేశాను. ఆయన కూర్చుని ఊపిరి తీసుకుంటున్నంతసేపూ నేను నిలబడ్డాను, ఆమె ముగ్గు పూర్తి చేసి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

పది నిమిషాలు ఆలస్యమైంది. అయినా బెడ్ ఇచ్చారు. ఈ రోజుకి చేరాం. ఎల్లుండి మళ్ళీ శనివారం.